నాయనమ్మ రంగులు వేసిన బొమ్మ కోసం ముడిమ్యాలకు

మా బాపుకు డెబ్బై రెండేళ్లు. తన తల్లి ముఖం ఎలా ఉండేదో ఆయనకు తెలియదు. ఆయనకు రెండేళ్లు నిండకముందే మా నాయనమ్మ ఎస్తేరు జ్వరంతో పోయింది. ఒక్క ఫొటో కూడా లేదు, అప్పుడు ఏ ఊళ్లో ఉండేవారో చెప్పేవాళ్లూ మిగల్లేదు. నల్లని గీతలతో అచ్చయి వచ్చే బైబిలు బొమ్మలకు ఆమె చేత్తో రంగులు వేసేదని మాత్రం ఇంట్లో చెప్పుకునేవారు. పోయిన నెల దవాఖాన నుంచి ఇంటికొచ్చాక బాపు, "అమ్మ రంగులేసిన బొమ్మ ఒక్కటన్న దొరుకుతదేమో చూడు బిడ్డా" అన్నారు. కాదనలేకపోయాను.

ఉదయం ఏడున్నరకు మెహిదీపట్నంలో చేవెళ్ల బస్సు ఎక్కి, గంట తర్వాత మొయినాబాద్‌లో దిగాను. పట్నం నుంచి బొమ్మల కట్టలు తెచ్చి, రంగులు వేయించడానికి ఊళ్లకు పంచే మనిషి అక్కడే ఉండేవాడని బాపు విన్నారట. రెండు గంటలు తిరిగాను. ఆ ఇల్లు ఉందన్న చోట సిమెంటు దుకాణం ఉంది. అతని పేరు విన్నవాళ్లే లేరు. ఎండకు తల తిరిగింది, మోకాళ్లు పీకాయి. వెనక్కి వెళ్లిపోదామనుకుంటూ టీ తాగుతుంటే, కొట్టు ఆయన చేవెళ్లలో పాస్టరుగారిని అడిగి చూడమన్నాడు.

చేవెళ్ల మరో అరగంట. పాస్టరుగారు ఓపిగ్గా పాత రిజిస్టరు తిరగేశారు. ఎస్తేరు పేరు దొరకలేదు. అయితే ముడిమ్యాలలో సువార్తమ్మ అనే పెద్దామె చిన్నప్పుడు ఆ రంగులు వేసే పని చేసేదని చెప్పారు. ఆటో యాదగిరి రానూపోనూ నాలుగు వందల కిరాయికి ఒప్పుకున్నాడు. దారంతా వెంచర్ల బోర్డులు, వాటి వెనక క్యారెట్ మడులు. నా ముఖం చూసి, "ఫికర్ చేయకు అక్కా, ఆమె ఇంట్లనే ఉంటది" అన్నాడు.

ఇంట్లోనే ఉంది. అరుగు మీద చిక్కుడుకాయలు వలుస్తోంది. ఎస్తేరు పేరు చెప్పగానే ఆమె చేతులు ఆగిపోయాయి. పన్నెండేళ్లప్పుడు ఎస్తేరు దగ్గరే కుంచె పట్టడం నేర్చుకుందట. ఆకాశం, బట్టలు పిల్లలు వేసేవారట, ముఖాలు మాత్రం ఎస్తేరే వేసేదట. లోపలికి వెళ్లి, పాత చీరముక్కలో చుట్టిన బొమ్మ తెచ్చింది. గొర్రెపిల్లను ఎత్తుకున్న కాపరి. గొర్రెపిల్ల వీపు మీద చిన్న నీలం మరక.

"ఖరాబైందని కట్టలోళ్లు తీస్కపోలే. ఎస్తేరక్క ఒళ్లె కూసున్న ఆమె పిలగాడు రంగుల ఏలు ముంచి పెట్టిండు. అక్క కోపం జేయలే, నవ్వింది. నువ్వు ఉంచుకో అని నాకిచ్చింది."

"ఆ పిలగాడు మా బాపే, అవ్వా" అన్నాను.

ఆమె నా చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. బొమ్మ ఇమ్మని అడగడానికి నాకు నోరు రాలేదు. డెబ్బై ఏళ్లు దాచుకున్నది ఆమె. ఫోనులో ఫొటో తీసి, ఆ మరక సంగతి రాసి బాపుకు పంపాను. అయిదు నిమిషాలకు ఆయనే ఫోన్ చేశారు.

"అంటే, నన్ను ఒళ్లె పెట్టుకునే పని చేసిందా?"

అవునన్నాను. మరక దగ్గరగా కనబడేలా ఇంకో ఫొటో తీసి పంపమన్నారు.

తిరుగు బస్సులో సీటు దొరకలేదు. నిలబడే వచ్చాను. ఒళ్లంతా నొప్పులు. ఒక్క బొమ్మ కోసం ఇంత తిరగాలా అని మధ్యాహ్నం దాకా విసుక్కున్న మాట నిజం. మీరూ ఇలా వెతకబోతే చిరునామాల వెంట పడకండి, పూర్వీకులు చేసిన పని ఏమిటో చెప్పి ఊళ్లోని ముసలివాళ్లను అడగండి. ఆటోను తిరుగు ప్రయాణానికి కూడా ముందే మాట్లాడుకోండి. నేను ఇల్లు చేరేసరికి బాపు చొక్కా మార్చుకుని, చేతికర్ర పక్కన పెట్టుకుని కూర్చున్నారు. ముడిమ్యాలకు మళ్లీ ఎప్పుడు పోదామని అడిగారు.