మోపెడ్ వెనక ఆరు సైకిళ్లు

ఆ ఏడు టీవీలో ఒలింపిక్స్ వస్తుంటే ఒక సైకిల్ పందెం చూశాను. ముందు మోపెడ్ లాంటి బండి, దాని వెనక వరసగా సైకిళ్లు. బండి మెల్లగా వేగం పెంచుతూ కొన్ని చుట్లు తిప్పింది. అప్పటిదాకా దాన్నెవరూ దాటకూడదు. అది పక్కకి తప్పుకున్నాక, చివరి చుట్లలో ఎవరి సత్తా వాళ్లది. దాన్ని కీరిన్ అంటారట.

అప్పట్లో నేను పెడన దగ్గర ఒక హైస్కూల్లో డ్రిల్లు టీచర్ని. మా ఆడపిల్లలు చాలామంది పక్క ఊళ్ల నుంచి సైకిళ్ల మీదే వచ్చేవారు. మనమూ పెడదాం అనిపించింది. బండి మావారిది, పెడళ్లున్న పాత మోపెడ్.

"పిల్లల ముందు నన్ను నవ్వులపాలు చేస్తావా?" అన్నారు గానీ, శనివారం సాయంత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వచ్చారు.

మైదానం చుట్టూ సున్నంతో గీత గీశాం. మొత్తం ఆరు చుట్లు. నాలుగు బండి వెనక, రెండు సొంతంగా. ఎవరి వెనక ఎవరో ఆరుగురమ్మాయిల చేత చీట్లు తీయించాను. గూడూరు వైపు నుంచి వచ్చే అమ్మాయికి మొదటి చోటు దొరికి ఎగిరి గంతేసింది. ఆఖరి చోటు వచ్చిన నేతవాళ్ల అమ్మాయి ముఖం చిన్నబోయింది.

"బండి తప్పుకున్నాక ఎదురుగాలి ముందున్నదానికే కొడుతుంది. నువ్వు తొందరపడకు" అని చెవిలో చెప్పాను. టీచర్ని, అలా చెప్పకూడదు. చెప్పాను.

రెండు చుట్లు చక్కగా సాగాయి. మూడో చుట్టులో మోపెడ్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. వెనక ఆరు సైకిళ్లూ కీచుమంటూ ఆగాయి.

"దాటొచ్చా, మేడమ్?"

"దాటకూడదు!" అన్నాను, ఏం చెప్పాలో తోచక.

మావారు నావంక ఒక్క చూపు చూసి, పెడళ్ల మీద కాళ్లు పెట్టి తొక్కడం మొదలెట్టారు. "తొక్కండి సార్, తొక్కండి!" అని వెనక పిల్లల కేకలు, నవ్వులు. ఒక్కరూ దాటలేదు. నాలుగో చుట్టు పూర్తయ్యేదాకా అలాగే తొక్కి, పక్కకి తప్పుకుని నేలమీద కూలబడ్డారు.

గూడూరమ్మాయి బాణంలా దూసుకుపోయింది. నేతవాళ్ల అమ్మాయి ఆమె వెనకే నక్కి, ఆఖరి మలుపులో బయటివైపు నుంచి వచ్చి అర చక్రం తేడాతో గెలిచింది.

చీకటిపడకముందే ఇద్దరం బండిని మెకానిక్ దగ్గరకు తోసుకెళ్లాం. మావారి చొక్కా చెమటకి ఒంటికి అతుక్కుపోయింది.

"వచ్చే శనివారం కూడా ఉందా?" అని అడిగారు.

లేదు. అయినా, "ఉందండీ" అన్నాను.