పందిరి వేసినవాళ్ళకు వందనాలు

కంకిపాడు వైపు చర్చిలవాళ్ళు పందిరి వేసి ఉజ్జీవ కూడికలు పెట్టాలంటే ముందు అనువాదకుణ్ణి మాట్లాడుకుంటారు, ఆ తర్వాతే ప్రసంగీకుణ్ణి. చాలా ఏళ్ళు ఆ అనువాదకుడు భవానీపురం ఆమోసే. పగలు విత్తనాల కొట్లో గుమాస్తా. సాయంత్రం ఇస్త్రీ చొక్కాతో స్టేజీ మీద, ఇంగ్లీషులో ప్రసంగించే అయ్యగారి పక్కన. ఆయన వేలెత్తితే ఈయనా ఎత్తేవాడు, ఆయన గొంతు తగ్గిస్తే ఈయనా తగ్గించేవాడు. ఎంత పొడుగు వాక్యమైనా ముక్క పోకుండా తెలుగులో దింపేవాడు. కొట్లో "ఒరేయ్ ఆమోసూ" అనేవాళ్ళు కూడా పందిట్లో "ఆమోసు గారూ" అనేవాళ్ళు.

నిరుడు చిన్న పక్షవాతం వచ్చి పోయింది. కాలూ చెయ్యీ బాగానే ఉన్నాయి, మాటా బాగానే ఉంది. డాక్టరు కొన్ని అంకెలు చెప్పి మళ్ళీ చెప్పమంటే మాత్రం రెండోది దాటలేకపోయాడు. విన్న మాటల్ని మెదడు లోలోపల గొణుక్కుంటూ కొద్ది క్షణాలు పట్టి ఉంచుతుందట. ఎడమ పక్క, వినే చోటుకీ పలికే చోటుకీ మధ్య దారి దెబ్బతిందట. అందుకే అర్థం నిలుస్తుంది, మాటలు జారిపోతాయి. పాత జ్ఞాపకాలు వేరే చోట ఉంటాయి, వాటికేం ఢోకా లేదు. ఏలూరు రోడ్డులో కొన్న పాత పుస్తకాల్లో నేను చదివిందీ ఇదే. అయితే ఆ పుస్తకాలు రాసినవాళ్ళకు మా సంఘపెద్దల సంగతి తెలియదు.

ఈ ఏడు మానేయమని భార్య మాణిక్యం బతిమాలింది.

"స్టేజీ దిగితే నాకింక మిగిలేది విత్తనాల కొట్టే గదే" అన్నాడాయన.

కూడికలకు బెంగుళూరు నుంచి ఒక ప్రసంగీకుడు వచ్చాడు. చిన్న వాక్యాలు చెప్పమని ఆమోసు ముందే వేడుకుంటే సరేనన్నాడు, వేడెక్కేదాకా చెప్పాడు కూడా. తర్వాత అణకువ మీద ఊపిరి తీసుకోకుండా చాలాసేపు మాట్లాడి ఆగాడు. ఆమోసు ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు.

"మనం తగ్గాలి" అన్నాడు.

పందిరంతా ఆమెన్ అంది. తెలుగు ఇంత పొట్టి భాషా అన్నట్టు ప్రసంగీకుడు ఆయన వంక చూసి, జనాన్ని చూసి సంతోషించాడు. ప్రసంగంలో సగం పోయిందని ఎవరూ బాధపడలేదు.

చివర కృతజ్ఞతలు. అధ్యక్షుడు మొదలు కోశాధికారి దాకా పెద్దలందరి పేర్లూ హోదాలతో సహా ప్రసంగీకుడు ఏకబిగిన చెప్పేశాడు. పెద్దలు కండువాలు సర్దుకున్నారు.

"పందిరి వేసినవాళ్ళకీ, వంట చేసినవాళ్ళకీ, అందరికీ వందనాలు" అన్నాడు ఆమోసు.

మర్నాడు పొద్దున్నే పెద్దలు ఆమోసును పిలిపించారు, తోడు నేనూ వెళ్ళాను. అణకువ గురించి ఎవరూ అడగలేదు.

"ఏవయ్యా, మా పేర్లు నీకు నోరు తిరగలేదా?" అన్నాడు సంఘాధ్యక్షుడు కృపానందం.

విన్న పేర్లు నిలవడం లేదని, డాక్టరు చెప్పిందంతా ఆమోసు చెప్పుకొచ్చాడు. అయితే ఆ పేర్లు ఇప్పుడు చెప్పమన్నాడు కృపానందం. అవి పాత జ్ఞాపకాలే కదా అని ఆమోసు ప్రాణం కుదుటపడింది. ఒక్కొక్కరి ఇంటిపేరు, తండ్రి పేరు తడుముకోకుండా చెప్పాడు.

"తమరు చిన్నప్పుడు బందరు కాలవలో పడితే మా నాన్నే గదండీ జుట్టు పట్టుకు లాగింది" అని కృపానందం పేరుకు కలిపాడు.

పెద్దలు మొహాలు చూసుకున్నారు.

"చూశారా, అన్నీ గుర్తున్నాయి. కావాలనే మింగాడు" అన్నాడు కృపానందం.

ఇప్పుడు విన్నది వేరు, ఎప్పటినుంచో తెలిసింది వేరు అని ఆమోసు మొత్తుకున్నాడు. ఆ పుస్తకాలన్నీ చదివిన నాకే అది సాకులా వినిపించింది.

ఆ సాయంత్రం అనువాదానికి ఇంగ్లీషు మీడియం టీచరు డయానా వచ్చింది. ఒక్క మాట వదల్లేదు. జనం ఆవలించారు. ఆమోసు వంటపొయ్యిల దగ్గర చాప మీద కూర్చున్నాడు. వంటమనిషి బుల్లెమ్మ అందరికన్నా ముందు ఆయనకే విస్తరేసింది.

"నిన్న మా వంటోళ్ళని తలుచుకుంది ఆ బెంగుళూరు అయ్యగారేనా, అన్నయ్యా?"

ఆమోసు ఆలోచించాడు.

"ఏ మాటలన్నాడో తెలీదమ్మా. అర్థం మాత్రం అదే."

బుల్లెమ్మ ఇంకో గరిటె కూర వేసింది. స్టేజీ మీద డయానా కోశాధికారి పేరు దాకా వచ్చింది.