మా తోటలో దొరికిన సంతకం

నేను డిగ్రీ చదివే రోజుల్లో అరకు దగ్గర మా కాఫీ తోటలో సినిమా షూటింగ్ పెట్టారు. హీరో సంతకం కోసం ఆటోగ్రాఫ్ పుస్తకంతో పరిగెత్తాను. కారవాన్ ముందు పాత దుప్పటి, తలపాగాతో, భుజాన బుట్టతో ఒకాయన నిలబడి ఉన్నాడు. కాఫీ పళ్లు కోసే మనిషి అనుకుని, "ఏటి మావా, దారికడ్డంగా నిల్చున్నావు? బేగి తప్పుకో, హీరో గారొస్తన్నారు" అని పక్కకు నెట్టాను.

ఆయన తలపాగా తీసి, "సంతకం ఎక్కడ పెట్టాలమ్మా?" అన్నాడు. వేషంలో ఉన్న హీరో ఆయనే.

జనమంతా పడీపడీ నవ్వారు. నవ్వనిది మా నాన్న ఒక్కడే. అలాంటి దుప్పటే కప్పుకుని, అలాంటి బుట్టే తగిలించుకుని నా వెనకే ఉన్నాడు. నేను సంతకం తీసుకుని తిరిగేసరికి, పక్కకు జరిగి నాకు దారిచ్చాడు.

ఆ పేజీ ఇప్పటికీ ఎవరికీ చూపించలేను.