బ్రేకుకి మా ఇంట్లో వేరే పేరు

మా బాబాయి బండిలో బ్రేకుని బ్రేకు అనకూడదు. ‘క్షమాపణ’ అనాలి.

"దూరం చూసి తోలేవాడికి దానితో పనేంట్రా? ఆలస్యంగా చూసినవాడే తొక్కుతాడు. తొక్కావంటే తప్పు ఒప్పుకున్నట్టే," అనేవాడు.

ముప్పయ్యేళ్లు టాక్సీ తోలిన మనిషి. పెట్రోలు చుక్క వృథా అయితే సొంత రక్తం కారినట్టు విలవిల్లాడేవాడు కాబట్టి ఊరంతా ఆయన్ని చుక్కల బాబాయి అనేది. నా సంగతంటారా, పదో తరగతిని మూడుసార్లు ఓడించి, పోనీలే అని వదిలేసినవాణ్ణి. నా నోట అబద్ధం రాదు. కాబట్టి నమ్మండి: ఆయన పొద్దున అయిదు లీటర్లతో బయల్దేరితే సాయంత్రం ఆరు లీటర్లతో ఇంటికొచ్చేవాడు.

ఆ బండి ఇప్పుడు లేదు, బాబాయీ లేడు. ఆదివారాలు మాత్రం నాకు నిన్నటిలాగే ఉన్నాయి. ఎండెక్కకముందే టైర్లలో గాలి చూసేవాడు. వేడెక్కిన టైరు, లేని గాలి ఉందని నాలాగే కోతలు కోస్తుందట. తర్వాత ఎయిర్ ఫిల్టర్ విప్పి, పాలు తాగిన పసిబిడ్డ వీపు తట్టినంత మెత్తగా తట్టి దుమ్ము దులిపేవాడు. ఆ దుమ్ము, తడిగుడ్డ, పాత రెక్సిన్ సీట్లు... ఆ వాసన ఇప్పటికీ నా ముక్కుని వదల్లేదు. పిన్ని డిక్కీలో ఏ మూట పెట్టినా, బరువు పెట్రోలు తాగుతుందని దింపేసేవాడు.

"నన్నెప్పుడు దింపేస్తారో ముందే చెప్పండి, పెట్టె సర్దుకుంటాను," అనేది పిన్ని.

"నువ్వెంత బరువే! బరువంతా నీ మాటలదే," అనేవాడు.

అలాంటి మనిషి కూతురు, అంటే మా చెల్లి, బస్సు డ్రైవరు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. డ్రైవింగ్ పరీక్ష ముప్పై కిలోమీటర్ల అవతల డిపోలో, పొద్దున పదింటికి. పేరు పిలిచినప్పుడు మనిషి లేకపోతే ఇక అంతే సంగతులు. బాబాయికి ఇది బొత్తిగా నచ్చలేదు.

"నీ జడే నీ అదుపులో ఉండదు, యాభైమందిని నీ చేతుల్లో పెడతారా?" అనేశాడు.

ఆ మాటతో మూడు రోజులు తండ్రీకూతుళ్లకి మాటల్లేవు. మంచినీళ్లు కావాలన్నా మధ్యలో నేనే రాయబారిని.

సరిగ్గా ఆ వారమే ట్యాంకర్లు రాక బంకులన్నీ మూతపడ్డాయి. బస్సు ఎప్పుడొస్తుందో దాన్ని తోలేవాడికే తెలీదు. పరీక్షరోజు పొద్దున బాబాయి ట్యాంకులో పుల్ల ముంచి చూస్తే అడుగున రెండు లీటర్లుంది. మామూలు డ్రైవరు చేతిలో ఆ బండి సగం దారిలోనే చతికిలబడుతుంది. మిగతా పెట్రోలు ఏమైందంటారా? ముందురోజు బండి కడిగి తెస్తానని తీసుకెళ్లి, సైకిల్ షాపు ముందు గిరగిరా తిప్పి నా ప్రతిభ చూపించాను. ఆ వివరాలు మీకనవసరం.

బాబాయి నావంక ఒక్కచూపు చూసి తాళాలు తీసుకున్నాడు.

"ఎక్కరా. బండి ఆగిపోతే తొయ్యడానికి ఎవడో ఒకడుండాలిగా."

చెల్లి మూతి బిగించి వెనకసీట్లో నా పక్కన కూర్చుంది.

ఎంత నెమ్మదిగా వెళ్లామంటే, ఒక ముసలాయన నడుస్తూ మమ్మల్ని దాటేసి, వెనక్కి తిరిగి జాలిపడ్డాడు. మోటారు సైకిలు కుర్రాడొకడు పక్కనుంచి దూసుకుపోతూ, "ఏం తాతా, బండి నిద్రపోతోందా?" అని అరిచాడు. తర్వాతి సిగ్నల్ దగ్గర వాడు కాలు నేలకానించి నిలబడి ఉన్నాడు. మేం అక్కడికి చేరేసరికి పచ్చదీపం వెలిగింది. "లేపకు నాయనా," అంటూ బాబాయి ఆగకుండా వాణ్ణి దాటేశాడు.

మలుపు ఇంకా అంతదూరం ఉండగానే చెల్లి తనలో తాను గొణిగింది. "ఇప్పుడు కాలు తియ్యాలి." అదే క్షణంలో బాబాయి కాలు తీశాడు. ఇంకోచోట, "ఆ లారీ కుడికి తిరుగుతుంది," అంది. లారీ కుడికే తిరిగింది. చెల్లి ఆ మాట అనేటప్పటికి అది పక్కదీపం కూడా వెయ్యలేదు. బాబాయి అద్దంలోంచి వెనక్కి చూశాడు. రైలు గేటు దగ్గర ఇంజిను ఆపేసి మళ్లీ చూశాడు. చెల్లి చూపు ఆయన పాదాలమీదే ఉంది.

పదికి ఎనిమిది నిమిషాలుందనగా డిపో కనిపించింది. ముందు కాస్త ఎత్తు. ఎప్పటిలాగే దూరంనుంచే కాలు తీసేశాడు. బండి దానంతటదే గేటు ముందు ఆగబోతోంది. అప్పుడు, ఆ చివరి రెండు గజాల్లో, బాబాయి బ్రేకు తొక్కాడు.

చెల్లీ నేనూ మొహమొహాలు చూసుకున్నాం.

"నాన్నా, ఎదురుగా ఎవరూ లేరుగా?" మూడు రోజుల తర్వాత అదే తొలి మాట.

ఆయన వెనక్కి తిరగలేదు.

"ఆలస్యంగా చూశానమ్మా," అన్నాడు.

చెల్లి జడని గట్టిగా ముడేసుకుని లోపలికి పరిగెత్తింది.

నెగ్గింది. బండి మాత్రం మళ్లీ స్టార్టవలేదు. ముప్పై కిలోమీటర్లూ నేనొక్కణ్ణే తోశాను. డిపో వాళ్లు జాలిపడి బండికి తాడు కట్టి లాగించారని చెల్లి చెబుతుంది గానీ, దాని మాటలు నమ్మకండి. ముందుసీట్లలో ఆ తండ్రీకూతుళ్లు ఇల్లు చేరేదాకా కబుర్లే కబుర్లు. దారంతా బాబాయి ఒక్కసారి కూడా క్షమాపణ తొక్కలేదు. తోసేవాడి చెమటైనా వృథా చెయ్యడాయన.