ప్రార్థన సభకు వెళ్లిన ఎక్స్‌రే ఫిల్ములు

పుదుచ్చేరిలోని ఒక ప్రభుత్వ ఛాతీ వైద్యశాలకు నన్ను సీనియర్ ఎక్స్‌రే టెక్నీషియన్‌గా బదిలీ చేసింది కరోనాకు పదేళ్ల ముందు, ఒక వేసవి చివర్లో. పెద్ద ఆసుపత్రులు కంప్యూటర్ ఎక్స్‌రేలకు మారుతున్నా మాకింకా ఫిల్మే దిక్కు. రెడ్డియార్‌పాళయంలో బస్సెక్కి వచ్చి, కొంగు బిగించి డార్క్‌రూములో దూరితే మధ్యాహ్నం దాకా ఆ ఎర్ర బల్బు వెలుగులోనే నా పని. ఫిల్మును మందునీళ్లలో ముంచి, కడిగి, క్లిప్పులకు తగిలించి ఆరబెట్టేదాన్ని. చేతులకు పట్టిన పుల్లటి వాసన ఎంత రుద్దినా పోయేది కాదు. నేను అన్నం వడ్డిస్తుంటే మావారు ముక్కు మూసుకునేవారు. ఇప్పుడా వాసన ఎక్కడా లేదు. ఎక్కడైనా తగిలితే కాసేపు అక్కడే నిలబడిపోతానేమో!

తెలియనివారి కోసం రెండు మాటలు. ఛాతీ ఎక్స్‌రేలో ఊపిరితిత్తి నల్లగా కనిపిస్తుంది, జబ్బు తెల్లటి మచ్చలా కనిపిస్తుంది. రోగిని పలకకు ఆనించి నిలబెట్టి, గట్టిగా ఊపిరి పీల్చి బిగబట్టమనాలి. కదిలితే ఫిల్ము పాడైనట్టే. క్షయ క్రిమి ఫిల్ములో కనబడదు, అది చేసిన గాయం మాత్రమే కనబడుతుంది. క్రిమి సంగతి కఫం పరీక్ష చెప్పాలి. మందులు ఆరు నెలలు వాడాలి. అసలు చిక్కు రెండో నెల దాటాకే వస్తుంది. దగ్గు పోతుంది, ఆకలి పుడుతుంది, ఒళ్లు వస్తుంది, మాత్రలంటే విసుగు మొదలవుతుంది. అక్కడ మానేస్తే మిగిలిన క్రిమి మందుకు లొంగకుండా తిరగబడుతుంది. అందుకే ఇంటివాళ్లు కాని ఎవరో ఒకరి ఎదుట మాత్రలు మింగించడం అప్పటి పద్ధతి.

ఆ ఏడే మల్లిక వచ్చింది. కోసపాళయంలో జాకెట్లు కుట్టి బతికే మనిషి. నేను మామూలుగా తమిళంలో ఊపిరి బిగబట్టమన్నాను. ఆమె దగ్గుతూనే, నాకు తెలియదనుకుని, తెలుగులో గొణుక్కుంది.

“బిగబట్టేదానికి ఊపిరి యాడుంది? ఈయమ్మకేం తెలుసు!”

“యాడుందో ఫిల్ములో చూసి చెప్తాలే,” అన్నాను.

ఇద్దరం నవ్వేశాం. వాళ్లూ మాలాగే తరాల కిందట వచ్చి స్థిరపడిన తెలుగువాళ్లు. ఇంటి భాష ఆసుపత్రిలో వినబడితే కలిగే సంతోషం మా ఊళ్లో తెలుగువాళ్లకే తెలుస్తుంది. ఆ రోజు నుంచి నేను ఆమెకు అక్కనైపోయాను.

ఫిల్ములో కుడివైపు పైభాగంలో మచ్చ ఉంది, కఫంలో క్రిమి ఉంది. మందులు మొదలయ్యాయి. జబ్బు పేరు తెలియగానే అత్తగారు ఆమె గ్లాసు వేరే పెట్టింది. జాకెట్లు కుట్టించుకునేవాళ్లు అటు రావడం మానేశారు. వచ్చింది ఆ వీధి చర్చివాళ్లే. శుక్రవారం ప్రార్థన నడిపే డేవిడ్‌కు సైకిల్ కొట్టు ఉంది. రోజూ గంజి క్యారియరు తెచ్చిచ్చేది అతనే. చర్చి ఫాదర్ వాళ్లింటికి వచ్చి, ఆమె పక్కనే కూర్చుని, ఆమె గ్లాసులోనే కాఫీ తాగి వెళ్లారట. ఆ మాట చెబుతూ మల్లిక ఏడ్చింది. ఆమె నుదుట బొట్టు ఉండనే ఉంది. దాన్ని తీసెయ్యమని వాళ్లెవరూ అనలేదు. శుక్రవారాలు ఆమె తనంతట తానే ప్రార్థనకు వెళ్లసాగింది.

మూడో నెలలో డాక్టరు అడిగితే మళ్లీ ఫిల్ము తీశాను. మచ్చ దాదాపు పోయింది. మల్లిక రెండు ఫిల్ములూ కవర్లో పెట్టుకుని, “శుక్రవారం సాట్చి చెప్పాలక్కా,” అంది. సాట్చి అంటే తమిళంలో సాక్ష్యం. మా ఇంట్లో ఆ మాటకు కోర్టు గుమ్మం గుర్తొస్తుంది. చర్చిలో అయితే, దేవుడు చేసిన మేలును పదిమందిలో చెప్పడం. మంచిదే, చెప్పమన్నాను.

ఆ తర్వాత ఆమె మాత్రలకు రావడం మానేసిందని మా చికిత్సా పర్యవేక్షకుడు చెప్పాడు. సాయంత్రం నేరుగా వాళ్లింటికి వెళ్లాను.

“ఏంది మల్లికా, మాత్రలకు రాలేదంట?”

మిషను ఆపి తల దించుకుంది. “డేవిడ్ అణ్ణ రెండు ఫిల్మూ లైటుకు పెట్టి చూపించినాడక్కా. అప్పుడు మచ్చ ఉండె, ఇప్పుడు లేదు, డాక్టర్ల వల్ల కాలేదు, ప్రార్థనే చేసింది అన్నాడు. నన్ను అడిగితే అవునన్నా. అంతమంది ముందర అవునన్నదాన్ని, మళ్లా పొయ్యి మాత్ర ఏసుకుంటే నా సాట్చి అబద్ధం అయిపోదా?”

నాకు కోపం నషాళానికెక్కింది. ఆమె మీద కాదు. విసుగుతో మానేసినవాళ్లను, తాగుడుకు పడి మానేసినవాళ్లను చాలామందిని చూశాను. ఆడిన మాట నిలబెట్టుకోవాలని ప్రాణం పోగొట్టుకోబోతున్న మనిషిని చూడటం అదే మొదటిసారి. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. జబ్బు తిరగబెడితే వాళ్లకూ అంటుకుంటుంది. ఫిల్ములు తీసుకుని చర్చికి నడిచాను. ఫాదర్ ఉన్నారు, అదృష్టం కొద్దీ డేవిడ్ కూడా ఉన్నాడు.

నాకు నోరు కాస్త పెద్దదే. ఫిల్ములు కిటికీ వెలుతురుకు పెట్టి, పోయింది మచ్చ మాత్రమేనని, క్రిమి ఇంకా లోపల దాక్కుని ఉండొచ్చని, మచ్చను పోగొట్టినవి ఇన్నాళ్లూ మింగిన మాత్రలని, వాటిని ఆపితే ఏమవుతుందో కూడా చెప్పాను. డేవిడ్ మొహం పాలిపోయింది. గంజి మోసిన మనిషి, ఆమె చెడు ఎందుకు కోరతాడు? ఫిల్ము చూస్తే జనానికి విశ్వాసం పెరుగుతుందనుకున్నానన్నాడు.

ఫాదర్ గొంతు పెంచలేదు. ఫిల్ము చూసి నమ్మినవాడు రేపు ఇంకో ఫిల్ములో మచ్చ కనబడితే దేవుణ్ణి వదిలేస్తాడా అని తమిళంలో అడిగారు. మనల్ని పంపింది గంజి ఇవ్వడానికి, పక్కన కూర్చోవడానికి, ప్రార్థించడానికి. దేవుడి తరఫున రుజువులు పోగుచెయ్యమని ఆయన మనకు చెప్పలేదు అన్నారు. నేను దేవుళ్లందరికీ దండం పెట్టే మనిషిని, ఆ మాటకు కూడా మనసులో దండం పెట్టుకున్నాను. ఆ తర్వాత ఆయన నావైపు తిరిగి, మాత్ర ఎవరి ఎదుట మింగాలని అడిగారు. ఇంటివాళ్లు కాకుండా, మేం పద్ధతి నేర్పిన ఎవరైనా సరేనన్నాను. ఆయన డేవిడ్ వైపు చూశారు.

మర్నాడే పర్యవేక్షకుడు డేవిడ్‌కు పద్ధతి నేర్పి మాత్రల పెట్టె అప్పగించాడు. శుక్రవారం నేనూ వెళ్లి వెనక బల్లమీద కూర్చున్నాను. డేవిడ్ ముందుగా లేచి, తాను ఫిల్ము గురించి చెప్పింది తప్పన్నాడు. తర్వాత మల్లిక లేచింది. తమిళంలో మొదలుపెట్టి, ఇంటి సంగతికి వచ్చేసరికి తెలుగులోకి జారిపోయింది.

“మా ఇంట్లో నా గ్లాసు వేరే పెట్టినారు. మీరు పెట్టలా. అది దేవుడు చేసిందే. మాత్రలు ఏసుకుంటా ఉండా, ఇంకా ఏసుకోవాల. ఇదే నా సాట్చి.”

భాష రానివాళ్లకు కూడా అర్థమైనట్టే ఉంది. డేవిడ్ నీళ్లు తెచ్చిచ్చాడు. ఆమె అందరి ఎదుటా మింగింది. మింగిందో లేదో నోరు తెరిపించి చూడాలన్నది నియమం. అతను సిగ్గుపడుతూనే వంగి చూశాడు. సభంతా నవ్వింది, మల్లిక కూడా నవ్వింది.

ఆ తర్వాత డేవిడ్ ఒక్క మోతాదు తప్పనివ్వలేదు. వర్షంలో సైతం పెట్టె పట్టుకుని వెళ్లేవాడు. చివరి కఫం పరీక్షలో క్రిమి లేదు. ఆ రోజు మల్లిక నాకొక జాకెట్ కుట్టి తెచ్చింది, చేతులు కొంచెం బిగుతు.

ఆ ఉదంతం నాకు నేర్పింది ఒకటే. ఫిల్మును రోగి చేతికిచ్చేటప్పుడు అది చెప్పేదీ చెప్పనిదీ ఒకే గుక్కలో చెప్పాలి. రిటైరయ్యేదాకా ప్రతి ఒక్కరికీ అలాగే చెప్పాను: మచ్చ తగ్గింది, మాత్ర మానొద్దు. అంతా దేవుడి దయ అని ఎవరైనా చేతులెత్తితే కాదనేదాన్ని కాదు. అయితే ఆయన ముందరే మింగు, అనేదాన్ని.