అత్త చెరిపిన తొవ్వ

మంగళవారం ఉదయం ఆరు గంటలకు కేతేపల్లిలో మా మేనత్త చనిపోయింది. మేమిద్దరం నల్లమల అడవికి వెళ్లాల్సిన ఆదివారానికి ఇంకా పన్నెండు రోజులుంది. ఫోన్ చేసిన పక్కింటామె ముందు పిండి సంగతే చెప్పింది. అడవికి రొట్టెలు చేసుకుపోవడానికి అత్త నిన్ననే గిర్నీకి పోయి సజ్జలు పట్టించుకొచ్చిందట. ఇప్పటినుంచే ఎందుకు, పురుగు పడుతుంది అని పక్కింటామె నవ్విందట. అది చెప్పాక ఏడ్చింది.

అత్త గురించి నాకు కచ్చితంగా తెలిసినవి తక్కువే. పోలీసు చర్య తర్వాత ఊళ్లలో మిలిటరీ క్యాంపులు పడ్డప్పుడు ఆమె ఒక సాయుధ పోరాట దళంతో దేవరకొండ మీదుగా అమ్రాబాద్ అడవికి నడిచింది. కొత్తగా పెళ్లయింది. మామ కూడా అదే దళంలో ఉన్నాడు. మకాం మార్చినప్పుడల్లా వరుసలో చివర నడిచే మనిషి చేతిలో ఆకుల కొమ్మ ఉండేది. వెనక్కి నడుస్తూ, అందరి అడుగులూ ఊడ్చుకుంటూ రావాలి. ఆ పని అత్తది. అడవి నుంచి తిరిగొచ్చింది ఆమె ఒక్కతే. మామ చలిజ్వరంతో పోయాడని ఇంట్లో వాళ్లు చెప్పేవాళ్లు. ఎక్కడ అని ఆమెను ఎవరూ అడిగినట్టు లేదు.

ఆమె మళ్లీ పెళ్లి చేసుకోలేదు. పత్తి ఏరింది, నాట్లు వేసింది, తర్వాత ఒంటిగది ఇంట్లో ఒక్కతే ఉండిపోయింది. సెలవులకు వెళ్లినప్పుడు ఆమె వాకిలి ఊడ్వడం చూసేవాడిని. అందరూ గడప దగ్గర మొదలుపెట్టి బయటికి ఊడుస్తారు. ఆమె బయట మొదలుపెట్టి, వెనక్కి నడుస్తూ గడప దాకా వచ్చేది. చివరికి చీపురుతో గడప మీద నిలబడేది. వాకిట్లో ఆమె అడుగు ఒక్కటీ మిగిలేది కాదు.

"అవ్వా, నీ ఇంట్ల మనిషున్నదో లేదో వాకిలి జూస్తె తెల్వదు," అని పక్కింటామె ఎప్పుడూ ఎకసెక్కమాడేది.

"తెల్వకుంటనే బతికిన గదనే," అనేది అత్త.

తడి బట్టలు బయట ఆరేసేది కాదు. పొయ్యి నుంచి పొగ లేస్తే కంగారుపడేది. గ్యాస్ పొయ్యి వచ్చినప్పుడు ఊళ్లో అందరికన్నా ఎక్కువ సంతోషపడింది ఆమే. మనుషులు వచ్చి కూర్చుంటే ఇష్టమే. కానీ వాళ్లు లేచి వెళ్లగానే చీపురు అందుకునేది. కొందరు అది తప్పుగా అనుకుని రావడం మానేశారు. పిలిచి సంజాయిషీ చెప్పడం ఆమెకు రాదు.

పోయిన చలికాలం మా పిల్లలు జింకల్ని చూడటానికి అమ్రాబాద్ వెళ్లొచ్చారు. ఫోన్‌లో ఫొటోలన్నీ అత్త రెండుసార్లు చూసింది. ఆ తర్వాత, "అల్లుడా, జర నన్ను గూడ తీస్కపో," అంది. ఈ వయసులో అడవేందని ఇంట్లో నవ్వారు. పులి వస్తే ఏం చేస్తావని అడిగారు. ఈ ముసలి బొక్కలు కొరికితే దానికే పండ్లు ఊడతాయని ఆమె కూడా నవ్వింది.

ఇద్దరం కూర్చుని ఏర్పాట్లు మొదలుపెట్టాం. నేనుండే జడ్చర్ల నుంచి కారు తెస్తానన్నాను. దేవరకొండ మీదుగా అయితేనే వస్తానంది. తెల్ల చొక్కా వద్దంది, వాసన నూనె వద్దంది. అక్కడ అటవీశాఖ వాళ్ల విడిది ఉంది, టీ దొరుకుతుంది అంటే, "ఇగ గది అడవెట్లయితది?" అంది. అడవిలో తిప్పే జీపులో నుంచి దిగనివ్వరు అని చెప్పినప్పుడు మాత్రం ఆమె ముఖం మారిపోయింది. దిగకపోతే రానంది. ఎందుకని అడిగాను. రెండోసారి అడిగాక చెప్పింది.

మామను వాగు మలుపులో, నల్లమద్ది చెట్ల నడుమ పూడ్చారు. దళం కదిలింది. ఎప్పటిలాగే చివర అత్త.

"మన్ను సదును జేసిన. ఆకులు గప్పిన. ఎవలికీ దొరకద్దని మంచిగ ఊడ్చిన అల్లుడా. గంత మంచిగ ఊడ్చిన, మల్ల పోతే నాకే దొరకలే."

పోరాటం ఆగిపోయాక ఒకసారి వెళ్లిందట. వాగు వెంట వెతికింది. అన్ని మలుపులూ ఒకేలా ఉన్నాయంది. తిరిగొచ్చేటప్పుడు చూసుకుంటే, అలవాటుగా చేతిలో కొమ్మ ఉంది. తన అడుగులు కూడా ఊడ్చుకుంటూ వచ్చింది.

ఇప్పుడెలా వెతుకుతావు అన్నాను.

"ఎతుకుడు లేదు. వాగు పొంట జరంత దూరం నడుస్త. నా అడుగులు గాడ ఉండాలె. ఊడ్వ."

ఆమె చెప్పినదాన్ని సరిచూడటానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. ఆ దళంలో బతికున్నవాళ్లు నాకు దొరకలేదు. ఆ వాగు పేరు కూడా ఆమెకు తెలియదు. అటవీశాఖ వాళ్లతో మాట్లాడితే, తోడు మనిషితో ఒక వాగు పక్కన నడవనిచ్చే దారి ఉందని చెప్పారు. అదే వాగని నేను అనుకోవడం లేదు. అత్తకూ ఆ మాటే చెప్పాను. వాగులన్నీ ఒక్క అడవిలోవే కదా అంది.

మంగళవారం నేను చేరేసరికి ఆమె వాకిట్లో జనం. సాయంత్రం ఆమెను తీసుకెళ్లాక వాకిలి నిండా అడుగులే. మోసినవాళ్లవి, ఆడవాళ్లవి, ఏళ్ల తరబడి ఆ ఇంటికి రానివాళ్లవి. పక్కింటామె అలవాటుగా చీపురు తీసింది. మళ్లీ మూలకు పెట్టేసింది.

పిండి చెడిపోలేదు. రొట్టెలు తను చేసిస్తానంది పక్కింటామె. దినాలు వచ్చే వారం శుక్రవారం. ఆ తర్వాత రెండు రోజులకు, మేం ముందే అనుకున్న ఆదివారం ఉదయం ఏడు గంటలకు అటవీశాఖ మనిషి అమ్రాబాద్‌లో మా కోసం చూస్తుంటాడు. దేవరకొండ మీదుగానే వెళతాం. పక్కింటామె వస్తానంది, మా పిల్లలు వస్తారు. వాగు దగ్గర దిగి వరుసగా నడుస్తాం. చివర నేను ఉంటాను, ఖాళీ చేతులతో.