మా జంక్షన్ జట్టును బాగుచేసిన ఏడాది

జనగామలో మేముండే వీధి చివర ఒక వడ్రంగి దుకాణం ఉంది. ఎండలు ముదరగానే అతను చేసిన తలుపులకూ కిటికీ రెక్కలకూ అవిసె నూనె పట్టించి, గోడ పొడుగునా ఆనించి ఆరబెడతాడు. ఆ వాసన కమ్మగా ఉండదు, కంపు అనీ అనలేం. కాస్త గానుగ చెక్కలా, కాస్త తడిసిన కట్టెలా ఉండి, ముక్కులోకి మెల్లగా వచ్చి చాలాసేపు అక్కడే కూర్చుంటుంది. పోయిన వారం కూరగాయల సంచీతో ఆ దుకాణం ముందు నుంచి వస్తుంటే ఆ వాసన తగిలి, డోర్నకల్ రైల్వే క్వార్టర్లో మా వంటింటి అటక మీద ఏడాదంతా పడుకుని ఉండే హాకీ కట్టె గుర్తొచ్చింది. గుర్తొస్తే సంతోషించాల్సిన వస్తువే. నాకు మాత్రం నోరు చేదైంది.

మా నాయిన డోర్నకల్ జంక్షన్‌లో పాయింట్స్‌మన్. పట్టాలు కలిపి, ఏ బండి ఏ దారిన పోవాలో ఆ దారికి మళ్ళించడం ఆయన పని. బొగ్గు ఇంజన్లు ఇంకా తిరుగుతున్న రోజులవి. ఆరేసిన బట్టల మీద మసి, మంచినీళ్ళ కుండ మూత మీద మసి, బతుకమ్మ కోసం కోసుకొచ్చిన తంగేడు పూల మీద కూడా సన్నటి నల్లటి పొడి ఉండేది, దులిపి పేర్చేవాళ్ళం. షెడ్డు వెనుక కుప్పపోసిన బూడిదలో ఇంకా కాలని బొగ్గు ఏరుకొచ్చి మా అమ్మ పొయ్యిలో వేసేది. పగలంతా పిల్లలం చిర్రగోనె, గోలీలు ఆడి, పొద్దుగూకే వేళకు చర్చి గంట మోగగానే ఇళ్ళకు చేరేవాళ్ళం. మా చిన్నాయన రాజయ్య మాతోనే ఉండేవాడు. వ్యాగన్లలో సిమెంటు బస్తాలు, మిరప బస్తాలు దించే కూలీ పని ఆయనది. ఉన్ననాడు ఉన్నట్టు, లేనినాడు లేనట్టు. సాయంత్రమైతే మిషన్ మైదానంలో ఏదో పాత కట్టెతో ఆడేవాడు, పోటీల్లో జంక్షన్ హాకీ జట్టుకు లెఫ్ట్ బ్యాక్.

ఆ జట్టు ఎవరి సొత్తో చెప్పడం కష్టం. దానికి ఆఫీసు లేదు, అధ్యక్షుడు లేడు. ఉన్నవల్లా పదకొండు కట్టెలు, వాటిని దాచే పదకొండు ఇళ్ళు. ఎప్పుడో కాలనీని వదిలిపోయిన ఇంజన్ డ్రైవర్ దొరలు ఆ కట్టెలను ఇంటికొకటి ఇచ్చి పోయారట. విరిగినవాటి స్థానంలో ఆ ఇంటివాళ్ళే కొత్తది కొని పెట్టేవాళ్ళు. దసరానాడు మా ఇంట్లో ఎర్రజెండా, పచ్చజెండా, చేతిలాంతరు పక్కన కట్టెకూ బొట్టు పెట్టి, మరునాటి నుంచి వారానికొకసారి అవిసె నూనె పట్టించేవాళ్ళం. గుడ్డపీలికను నూనెలో ముంచి పై నుంచి కిందికి రుద్దడం నా పని, వంకీ దగ్గర నాయిన పని. క్రిస్మస్‌కు ముందు వారం పోటీలు మొదలయ్యే పొద్దున, ఆ పదకొండు ఇళ్ళ పెద్దలూ తమ తమ కట్టెలతో మైదానంలో వరుసగా నిలబడేవాళ్ళు. ఎవరి చేతిలోని కట్టె ఎవరికి అందితే వాడు ఆడతాడు. ఇచ్చేదాకా ఎవరూ అడగకూడదు, ఇచ్చాక ఎవరూ కాదనకూడదు. మా ఇంటి కట్టె నాకు తెలిసినప్పటి నుంచీ చిన్నాయనకే అందింది.

జట్టు మాత్రం ఓడిపోతూనే ఉండేది. నేను పుట్టకముందు ఒకసారి కప్పు గెలిచిందని చెప్పేవాళ్ళు. నేను చూసిందల్లా కాజీపేట వాళ్ళు మా గోలులోకి బంతి కొట్టడం, మావాళ్ళు నడుముల మీద చేతులు పెట్టుకుని ఒకరి ముఖాలొకరు చూసుకోవడం. చివరి ప్లాట్‌ఫారం మీద యాకూబ్ చాచా టీ కొట్టు ఉండేది. డ్యూటీ దిగినవాళ్ళు, ఎక్కబోయేవాళ్ళు అక్కడ సామాన్ల బండ్ల మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని జట్టును తిట్టేవాళ్ళు. నాయినకు అన్నం క్యారియర్ ఇవ్వడానికి పోయి నేనూ ఓ మూల కూర్చునేదాన్ని. గూడ్సు బండి పోతుంటే మాటలు ఆగేవి. చివరి పెట్టె దాటగానే ఆగిన మాట దగ్గరి నుంచే మళ్ళీ మొదలయ్యేవి.

గూడ్సు గార్డు ప్రకాశం మామ నాలుక అందరికన్నా పదును. "మనది గూడ్సు బండి టీము. సిగ్నల్ ఇచ్చినంక గూడ అర్ధగంటకు గాని కదలదు," అనేవాడు.

"కదిలితె మాత్రం ఏంది? గోలు ముంగటికి పోయి నీళ్ళకు ఆగుతది," అని యాకూబ్ చాచా టీ వడపోస్తూ అందించేవాడు.

"సెంటర్ ఫార్వర్డును లూప్ లైన్ల వెట్టాలె. రాజిగాడైతె ప్యాసింజరు, ప్రతి స్టేషన్ల ఆగుతడు." అంత అన్నాక ప్రకాశం మామ నాయిన వైపు తిరిగి, "ఏమనుకోకు లింగన్నా," అనేవాడు.

"అనుకునేది ఏమున్నది? ఉన్న ముచ్చటేనాయె," అని నాయిన నవ్వేవాడు.

ఉన్న మాటే. చిన్నాయన ఎడమ మోకాలు ఒకప్పుడు బస్తా కింద పడి నలిగింది. బంతి ఎటు వస్తుందో అందరికన్నా ముందు తెలిసేది. అక్కడికి చేరడమే ఆలస్యమయ్యేది.

ఆ ఏడాది దసరా దాటాక తిట్లు ఆలోచనలుగా మారాయి. ఇలా ఎన్నేళ్ళు ఓడతాం, జట్టును కొత్తగా కట్టాలి అని ప్రకాశం మామ మొదలుపెట్టాడు. సికింద్రాబాద్‌లో ఆయనకు తెలిసిన మైదానంలో మంచి పిల్లగాళ్ళున్నారు. నలుగురిని తెచ్చి నాలుగు ఇళ్ళలో పెట్టుకుని తిండి పెడదాం, వెనుక ఆడే మన నలుగురిని పక్కన పెడదాం అన్నాడు. రోజుల తరబడి అదే చర్చ. వాళ్ళు జంక్షన్ మనుషులు. బండి ఎక్కడి నుంచో వస్తుంది, అలిసిన ఇంజన్ విప్పుతారు, ఇంకోటి తగిలిస్తారు, బండి పోతుంది. అది చూస్తూ బతికినవాళ్ళకు జట్టు కూడా అట్లాగే కనపడింది.

"ఇంజన్ కరాబైతె కొట్టి కొట్టి నడుపుతమా? తీసి షెడ్డుల వెడ్తం. బండి ఆగొద్దు గద," అన్నాడు నాయిన. ఆ మాటతో చర్చ తెగిపోయింది. తమ కట్టెలు కొత్తవాళ్ళకే ఇస్తామని నలుగురు మాట ఇచ్చారు: ప్రకాశం మామ, నాయిన, యాకూబ్ చాచా, ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్ ఒకాయన.

ఇంట్లో ఆ సంగతి విని అమ్మ రొట్టె తిప్పుతున్న చేయి ఆపింది. "ఇంజన్‌కు ఆకలి గాదు. రాజయ్యకు అయితది," అంది.

అమ్మ అలా అనడానికి కారణముంది. ఆ ఏడు పోటీలు చూడటానికి రైల్వే ఆఫీసరు ఒకాయన వస్తున్నాడని, బాగా ఆడినవాళ్ళను ఆటగాళ్ళ కోటా కింద ఖలాసీలుగా తీసుకుంటారని కబురు వచ్చింది. చిన్నాయనకు వయసు దాటిపోతోంది. మరుసటి ఏడు ఎంత బాగా ఆడినా పనికిరాదు. నెల్లికుదురు దగ్గర చూసిన పిల్ల తండ్రి కూడా పర్మినెంటు పని ఉంటేనే మాట్లాడదామన్నాడు. అందుకే ఆ చలికాలం చిన్నాయన చీకటితోనే లేచి, ఆవనూనె కాచి మోకాలికి రుద్దుకుని, పట్టాల వెంట పరుగెత్తి వచ్చేవాడు. చూరు కింద నిలబడి ఒగరుస్తుంటే నోట్లోంచి పొగ వచ్చేది.

పక్కన పెట్టే నలుగురెవరన్నది ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయింది. చిన్నాయన చెవిన కొంత పడింది గానీ ఆయన బెంగపడలేదు. "అన్న కట్టె ఎటు వోతది వదినె?" అన్నాడు అమ్మతో. అమ్మ నాయిన ముఖం చూసింది. నాయిన చేతిలాంతరు గాజు తుడుస్తున్నాడు, తుడుస్తూనే ఉన్నాడు.

పోటీలకు వారం ముందు సికింద్రాబాద్ పిల్లగాళ్ళు దిగారు. మా ఇంటికి వచ్చినవాడి పేరు విల్సన్. మర్యాదస్తుడు, తిన్న పళ్ళెం తనే కడిగేవాడు, అమ్మను అక్కా అని పిలిచేవాడు. కాలనీ అంతా పండగ వాసన. వెదురు పుల్లలతో కట్టిన రంగు కాగితాల నక్షత్రాలు గుమ్మాలకు వేలాడుతుండేవి. ప్రకాశం మామ ఇంట్లో గులాబి పువ్వులనే పిండివంట, గరిజెలు వేగుతుంటే వీధి చివరి దాకా తెలిసేది. రాత్రి భోజనాలయ్యాక పాటల బృందం లాంతర్లతో ఇల్లిల్లూ తిరిగేది. ఆటగాడికి బలం కావాలని మా ఇంట్లో తలకాయ కూర, జొన్నరొట్టె, ఉడికిన గుడ్లు. అమ్మ ఇద్దరికీ సమానంగా వడ్డించేది. చిన్నాయన తన గుడ్డు సగం చేసి నాకు పెట్టి, విల్సన్‌కు మా మైదానం గురించి చెప్పేవాడు: చర్చి వైపు మొరం గట్టిగా ఉంటుంది, బంతి ఎగురుతుంది, తుమ్మచెట్ల వైపు మెత్తగా ఉంటుంది, ఆగుతుంది. విల్సన్ శ్రద్ధగా వినేవాడు. తను ఎవరి స్థానంలో వచ్చాడో ఆ పిల్లవాడికీ తెలియదనుకుంటాను.

పోటీ రోజు పొద్దున మంచు ఇంకా విడవలేదు. పదకొండు మంది వరుసగా నిలబడ్డారు. ఆటగాళ్ళు ఎదురుగా. ఒక పక్క కుర్చీలో కోటు వేసుకున్న ఆఫీసరు. చిన్నాయన కాన్వాసు బూట్లకు చాక్‌పీసు పొడి పట్టించుకుని వచ్చాడు. అవి ఆ మంచులో మరీ తెల్లగా ఉన్నాయి. ప్రకాశం మామ తన కట్టెను సికింద్రాబాద్ వాడికిచ్చాడు. ఫైర్‌మనూ అంతే. తర్వాత యాకూబ్ చాచా వంతు. ఆయన కొత్తవాడి ముందు నిమిషంసేపు నిలబడి, పక్కకు జరిగి, ఎప్పుడూ తన కట్టె తీసుకునే మేదరి పిల్లవాడి చేతిలోనే పెట్టేశాడు.

"చాచా, మాటిచ్చినవ్," అన్నాడు ప్రకాశం మామ పళ్ళ బిగువున.

"ఇచ్చిన. నిద్రపట్టలే," అన్నాడు చాచా. కట్టె ఆయనది.

ఇక నాయిన. చిన్నాయన అప్పటికే చేయి చాపాడు. చాపిన చేతిని చూసి కూడా నాయిన రెండడుగులు అవతలికి వేసి, కట్టెను విల్సన్‌కిచ్చాడు. చిన్నాయన చేయి అట్లాగే కాసేపు ఉండి, తర్వాత చొక్కా గుండీ సర్దుకుంది. ఆయన గొడవపడలేదు, వెళ్ళిపోలేదు. గోలు పక్కన గొంతుక్కూర్చుని ఆట అయ్యేదాకా చూశాడు.

జట్టు గెలిచింది. ఎన్నో ఏళ్ళ తర్వాత గెలిచింది. జనం నాయినను భుజాల మీద ఎత్తుకున్నంత పని చేశారు. ప్లాట్‌ఫారం మీద మిరపకాయ బజ్జీలు పంచారు. సాయంత్రం మా ఇంట్లో అందరం ఒకే వరుసలో అన్నానికి కూర్చున్నాం. ఆఫీసరు తన పేరు, ఊరు, చదువు అడిగి రాసుకున్నాడని విల్సన్ మెల్లగా చెప్పాడు. "మంచిగైంది తమ్మీ," అన్నాడు చిన్నాయన. అమ్మ కూర గిన్నె అక్కడే పెట్టి లోపలికి పోయింది. నాయిన మజ్జిగ కలుపుకుని, తుమ్మచెట్ల వైపు డిఫెన్సు ఇంకా గట్టిపడాలి అన్నాడు.

రెండో ఆటలో కాజీపేట చేతిలో మామూలుగానే ఓడిపోయారు. సంక్రాంతి ముగ్గులు పడకముందే చిన్నాయన వెదురు కొట్టే పనికని భూపాలపల్లి అడవులకు పోయాడు. నెల్లికుదురు సంబంధం మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మరుసటి క్రిస్మస్‌కు విల్సన్ వచ్చాడు, అయితే కాజీపేట జట్టులో. ఉద్యోగం అక్కడే ఇచ్చారు. మాకు ఎదురుగా ఆడి, ఆట అయ్యాక వచ్చి అమ్మ కాళ్ళకు దండం పెట్టాడు. మా ఊరి పిల్లగాళ్ళు ఆ ఏడు సగం మందే వచ్చారు. పిలిస్తే, "సికింద్రాబాద్ నుంచి తెచ్చుకోర్రి" అన్నారు. ఆ తర్వాతి ఏడు పెద్దమనుషులు కట్టెలు పట్టుకుని మంచులో నిలబడితే ఎదురుగా ఎవరూ లేరు.

జట్టు పోయింది గానీ చర్చ పోలేదు. నాయిన రిటైరయ్యేదాకా ఆ సామాన్ల బండ్ల మీద కూర్చుని, గోల్‌కీపర్‌ను మహబూబాబాద్ నుంచి తేవాలా, గూడూరు తండాల్లో పరుగెత్తే పిల్లలను పట్టాలా అని వాదించుకుంటూనే ఉన్నారు. లేని జట్టులోంచి ఒకరిని తీసేసేవారు, ఇంకొకరిని పెట్టేవారు. నాయిన మంచివాడే. మా ఎవరినీ చేయెత్తి కొట్టలేదు, తాగలేదు. జట్టంటే ప్రాణం. ఆ ప్రాణంలో ఆటగాళ్ళు లేరన్నది మాత్రం ఆయనకు చివరిదాకా తట్టలేదు.

ఇప్పుడు ఆ మైదానంలో సిమెంటు స్లీపర్లు పేర్చి ఉన్నాయి, చుట్టూ ముళ్ళకంచె. టీ కొట్టు లేదు, బొగ్గు పొగ లేదు. యాకూబ్ చాచా, ప్రకాశం మామ, నాయిన ఎవరూ లేరు. మా పాత క్వార్టర్ల వరుసను కూలగొట్టారు. హాకీ అంటే ఏమిటో ఆ కాలనీ పిల్లలను అడిగితే టీవీలో చూశామంటారు.

చిన్నాయన భూపాలపల్లిలోనే ఉన్నాడు. గనులు మొదలయ్యాక అక్కడ కాంట్రాక్టు కూలీగా చేరి, పర్మినెంటు కాకుండానే వయసైపోయింది. ఆలస్యంగా పెళ్ళయింది, ఒక కూతురు. మొన్న చూడటానికి పోతే రేకుల ఇంటి ముందు మంచం మీద కూర్చుని మోకాలు నిమురుకుంటున్నాడు. కూతురు టీ ఇచ్చి లోపలికి పోయింది. వానల గురించి, మిరప ధర గురించి మాట్లాడుకున్నాం. మాటలు అయిపోయాక, నా వైపు చూడకుండానే అడిగాడు.

"బిడ్డా, మీ నాయిన ఒక్కనాడన్న అన్నడా? ఆ పొద్దు రాజిగానికి ఇయ్యాల్సి ఉండె అని?"

నాయిన చివరి నెలలన్నీ నా దగ్గరే గడిపాడు. చాలా మాట్లాడాడు. ఆ రెండో ఆటలో కాజీపేట వాళ్ళు కొట్టిన గోల్స్ అన్నీ ఒక్కటొక్కటిగా చెప్పాడు.

"అనలేదు చిన్నాయనా," అన్నాను.

ఆయన తల ఊపాడు. టీ గ్లాసు కింద పెట్టి, ఎడమ కాలు మెల్లగా చాపుకున్నాడు.

"అనడు. చాచా మాట తప్పిండు. మీ నాయిన తప్పే మనిషి గాదు," అన్నాడు.